మా ఇంటి ముప్పై ఏళ్ళ సర్చ్

నాందేడ్‌లో ప్లాటు కొనాలన్నా, ఇంటి మీద అప్పు తీసుకోవాలన్నా ముందు సర్చ్ చేయించాలి. ఆ ఆస్తి గత ముప్పై ఏళ్ళలో ఎవరి నుంచి ఎవరికి పోయింది, మధ్యలో ఎవరైనా తాకట్టు పెట్టారా, ఎవరైనా వాటా వదులుకున్నారా అని రిజిస్ట్రీ ఆఫీసులో ఏడాది వెంట ఏడాది వెతికి రాసివ్వడమే సర్చ్. రిపోర్టు కింద సంతకం వకీలుది. పైన ఉన్నదంతా నాలాంటి వాళ్ళది. సూర్యకాంత్ వకీలు దగ్గర పన్నెండేళ్ళుగా ఇదే నా పని.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు మనుషుల మీద పెద్దగా గౌరవం మిగలదు. గణపతి మండపంలో ముందు వరుసలో నిలబడి హారతి పట్టే పెద్దమనిషి, చనిపోయిన అన్న పిల్లల వాటా ఏ సంవత్సరంలో తన పేరున రాయించుకున్నాడో నాకు తెలుసు. బజారులో కనబడితే ఆయన నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. ఊళ్ళో సగం ఇళ్ళ గుట్టు ఇట్లా నా దగ్గర ఉంది. మా ఇంటిది మాత్రం ఎప్పుడూ వెతకలేదు. వెతకాల్సిన అవసరం ఏముందనుకున్నాను.

మా నాన్న రామదాస్ రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు. ధర్మాబాద్ అవతల మా ఊళ్ళో మా వాళ్ళెవరికీ జానెడు సొంత భూమి ఉండేది కాదు. ఒకరి చేనులో కలుపు, ఇంకొకరి చేనులో కోత, అదే బతుకు. మా వాళ్ళందరిలో రిజిస్ట్రీ కాగితం మీద పేరెక్కిన మొదటి మనిషి మా నాన్నే. తొంభై ఆరులో నాందేడ్ శివారు సాంగ్విలో చిన్న ప్లాటు కొని, ముందు రెండు గదులు, వెనక ఒక గది వేశాడు. రెండు వేల తొమ్మిదిలో వీలునామా ఏదీ రాయకుండానే పోయాడు. అట్లా పోతే భార్యకు, కొడుకుకు, కూతురికి తలా ఒక వంతు వస్తుంది. అమ్మ భీమవ్వకొకటి, తమ్ముడు నాగేశ్వర్‌కొకటి, నాకొకటి. ఈ లెక్క నేను ఇతరుల రిపోర్టుల్లో ఎన్నిసార్లు రాశానో చెప్పలేను.

నా భర్త విశ్వేశ్వర్ ధర్మాబాద్ ధాన్యం బజారులో కాంటా వేసేవాడు. రెండు వేల పదకొండు మే నెలలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. నాకప్పుడు ముప్పై ఏళ్ళు, పిల్లలు లేరు. అప్పటి నుంచి సాంగ్వి ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాను. పుట్టింట్లో పడి తింటున్నానని ఎవరైనా సూచనగా అన్నా నాకు ఒళ్ళు మండుతుంది. తమ్ముడి భార్య పూనమ్‌తో నీళ్ళ దగ్గరో, బట్టలారేసే తీగ దగ్గరో మాటా మాటా పెరిగినప్పుడల్లా నా దగ్గర ఒకే జవాబు ఉండేది.

"గీ ఇంట్ల నాకు గూడ మూడో వంతుంది. నేనెవ్వరి దయ మీద ఉంటలేను."

ఆ మాటతో పూనమ్ నోరు మూసుకునేది. వంటింట్లోకి పోయి గిన్నెలు కడిగేది. నేను గెలిచానని నా గదిలోకి వచ్చి కూర్చునేదాన్ని.

ఈ జూన్‌లో తమ్ముడు నాగేశ్‌కు ఇల్లు పడగొట్టి బ్యాంకు అప్పుతో మూడంతస్తులు కట్టాలనే ఆలోచన పుట్టింది. వాడికి మోటార్ల వైండింగ్ షాపు ఉంది, నాలుగు రాళ్ళు సంపాదిస్తున్నాడు. కింద షాపు, మధ్యలో వాళ్ళు, పైన కిరాయికి. వెనక గది కూడా పడగొడతారు. నా సంగతి ఏమిటని అడిగితే వాడు ఫోన్ చూస్తూనే చెప్పాడు.

"పైన నీకొక ఖోలీ ఇస్త అక్కా. ఏడికి పోతవ్ నువ్వు?"

మాటకేం, మాట మంచిదే. కానీ నోటిమాటలు చివరికి ఏమవుతాయో చూడడమే నా ఉద్యోగం. అప్పు మంజూరు కాకముందే పై గది నా పేరున రాయించుకోవాలని నిశ్చయించుకున్నాను. నా వాటా ఉంది కాబట్టి నా సంతకం లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వదు. ఆ సంతకం దగ్గర మాట్లాడుకుందామని ఊరుకున్నాను. నాకు ఈ లోకంలో ఉన్నది ఆ మూడో వంతే. నలభై నాలుగేళ్ళ మనిషికి నా ఇల్లు అని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

బ్యాంకుకు కావాల్సిన సర్చ్ కూడా వాడు నాకే ఇచ్చాడు.

"ఇంట్ల నువ్వుండంగ బయటోళ్లకెందుకు ఇయ్యాలె" అన్నాడు.

సర్చ్ చేసేటప్పుడు కొందరు పాతదాని నుంచి కొత్తదానికి వస్తారు. నేను కొత్తదాని నుంచి వెనక్కి పోతాను. ఒక కాగితం మీద సంవత్సరాలు వరుసగా వేసుకుంటాను. ఆ సంవత్సరంలో ఆ ఆస్తి మీద ఏ లావాదేవీ లేకపోతే ఎదురుగా నిరంక్ అని రాస్తాను. మరాఠీలో ఏమీ లేదని దానికి అర్థం. నిరంక్‌లు ఎన్ని ఎక్కువుంటే ఆస్తి అంత శుభ్రంగా ఉన్నట్టు.

ఆ రోజు సోమవారం. రిజిస్ట్రీ ఆఫీసులో లగ్నాల సీజన్ రద్దీ అయిపోయి జనం పలచగా ఉన్నారు. ఇరవై అయిదు, నిరంక్. ఇరవై నాలుగు, నిరంక్. అట్లా రాసుకుంటూ పోతున్నాను. నా పక్కన కూర్చున్న ఇంకో వకీలు మనిషి కరెంటు బిల్లు గురించి ఏదో చెబుతున్నాడు, నేను ఊఁ కొడుతున్నాను. రెండు వేల పన్నెండు, నిరంక్. పదకొండు దగ్గర ఒక వరుస కనబడింది.

హక్కుసోడు పత్రం. తేదీ మే పంతొమ్మిది. రాసిచ్చినవాళ్ళు ఇద్దరు: భీమవ్వ రామదాస్, మనీష విశ్వేశ్వర్. రాయించుకున్నవాడు నాగేశ్వర్ రామదాస్.

వాటా వదులుకుంటున్నామని ఆడవాళ్ళు అన్నదమ్ములకు రాసిచ్చే కాగితాన్ని ఇక్కడ హక్కుసోడు అంటారు. వారానికి అయిదారు నా చేతుల మీదుగా పోతాయి. అక్కచెల్లెళ్ళు కొత్త చీరలు కట్టుకుని వస్తారు, సంతకాలు పెడతారు, అన్నదమ్ములు ఎదురు హోటల్‌లో వాళ్ళకు భజియా తినిపిస్తారు. వాటా అడిగే ఆడపడుచు పుట్టింటి గడప తొక్కేదెట్లా అని అందరికీ ఒక భయం. ఆ వరుసలో నా పేరు చూసి ముందు నాకు వచ్చిన ఆలోచన, ఇంకో మనీష ఎవరో ఉందని.

నకలుకు అర్జీ పెట్టాను. రెండు రోజులకు చేతికొచ్చింది. చివరి పేజీలో ఫోటోలుంటాయి, ఆఫీసు కెమెరాతో అక్కడికక్కడ తీసినవి. అమ్మ ఉంది, పక్కన బొటనవేలి ముద్ర ఉంది. కింద నేనున్నాను. నుదుట బొట్టు లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కెమెరా వైపే చూస్తున్నాను. సంతకం నాదే. 'ష' కింద గీత పొడుగ్గా లాగడం నా అలవాటు.

విశ్వేశ్వర్ పోయింది మే ఎనిమిదిన. పదకొండో రోజు దినాలు చేశాం, అది పద్దెనిమిది. మర్నాడు నేను ఈ ఆఫీసుకు వచ్చి, ఈ మెట్లెక్కి, ఇక్కడ నిలబడి సంతకం పెట్టానన్నమాట. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆటోలో వచ్చామా, బస్సులో వచ్చామా, ఎండగా ఉందా, ఏదీ లేదు. రెండేళ్ళ తర్వాత ఉద్యోగం కోసం ఇదే ఆఫీసుకు వచ్చినప్పుడు, మొదటిసారి వస్తున్నాననుకుని గేటు దగ్గర దారి అడిగాను.

కోపం రావాలి కదా అనుకుని కాసేపు కూర్చున్నాను. రాలేదు. నకలు సంచిలో పెట్టుకుని మిగతా సంవత్సరాలు పూర్తి చేశాను. పది, నిరంక్. తొమ్మిది, నిరంక్. తొంభై ఆరులో నాన్న కొన్నది ఒకటి. పని అయిపోయింది. ఎదురు హోటల్‌లో టీ తాగాను, చక్కెర ఎక్కువైంది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ గడపలో కూర్చుని మెంతికూర తెంపుతోంది. అమ్మకు డెబ్బై దాటాయి. ఒక కంట్లో పువ్వు పడింది, కానీ ఆకుల్లో గడ్డి పరక వేరు చేయడంలో నాకంటే నయం. నేను పక్కన కూర్చుని నాలుగు కాడలు తీసుకున్నాను.

"అమ్మా, ఆయన పోయిన యాడాది నేను రిజిస్ట్రీ ఆఫీసుకు అచ్చిన్నా?"

"అచ్చినవ్ గద. నాతోనే అచ్చినవ్."

"ఎందుకచ్చిన?"

అమ్మ నా వైపు ఒకసారి చూసి మళ్ళీ కూరలో పడింది. "ఇల్లు నాగేశ్ పేరు మీద చెయ్యనీకి. నాది నేనిచ్చిన, నీది నువ్విచ్చినవ్. గిప్పుడెందుకు గా ముచ్చట?"

"నాకు చెప్పిన్రా?"

"చెప్పిన బిడ్డా. రెండుసార్లు చెప్పిన. సరే అన్నవ్. ఆడ కుర్చీల కూసున్న సాబ్ గూడ అడిగిండు, రాజీఖుషీనే దేతా కా అని. హో అన్నవ్. నీ అంతల నువ్వే అన్నవ్."

ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని ఆఫీసరు అడగడం రివాజు. ఆ ప్రశ్న నేను రోజూ వింటాను. ఆడవాళ్ళందరూ హో, అవును, అంటారు. కాదన్న మనిషిని పన్నెండేళ్ళలో చూడలేదు.

"నాకు యాదికి లేదమ్మా."

"నీకు గప్పుడు ఏం యాది ఉండె? తిను అంటె తిన్నవ్, పండు అంటె పన్నవ్. గాజులు తీస్తుంటె చెయ్యి సాపి ఇచ్చినవ్. ఒక్కసారి గూడ ఏడ్వలే. అందరికి సరే అన్నవ్."

"మరి గసొంటిదాన్ని ఆఫీసుకెందుకు తోల్కపోయిన్రు?"

అమ్మ చేతులు ఆగాయి. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అమ్మ అటే చూస్తూ చెప్పింది.

"నీకు ముప్పై ఏండ్లుండె. ఉమ్రి దిక్కు సంబంధం ఉందని మీ మేనమామ ముచ్చట తెచ్చిండు. నీకు మళ్ల లగ్గమైతె వాటా పరాయోని చేతికి పోతదనుకున్నం. గందుకే జల్ది చేసినం. ఆ సంబంధం అటే పోయింది."

"తర్వాత ఒక్కనాడు గూడ చెప్పకపోతిరి."

"నీకెర్కే అనుకున్న. సంతకం పెట్టినదానివి నువ్వే గద."

అంతే. దొంగతనం లేదు, మోసం లేదు. ఇంట్లో అందరూ నాకు తెలుసనుకున్నారు. నాగేశ్ సర్చ్ నాకిచ్చింది అందుకే. దాచడానికి వాడి దగ్గర ఏమీ లేదు. నాకు గూడ మూడో వంతుందని నేను గొంతు చించుకున్నప్పుడల్లా పూనమ్ ఊరుకున్నది ఓడిపోయి కాదు. మొగుడు పోయిన మనిషి, ఏదో అనుకుంటోంది, అననీ అని ఊరుకుంది. పద్నాలుగేళ్ళు ఆమె నా మీద జాలి పడింది. కాగితంకంటే అది ఎక్కువ బాధ పెట్టింది. సిగ్గుతో మెడ దాకా వేడెక్కింది. ఆ వారంలో నాకు తెలిసిన ఒకే ఒక్క బాధ అది. అది కూడా మెంతికూర అయిపోయేలోపు చల్లారిపోయింది.

మర్నాడు నకలు సూర్యకాంత్ వకీలు బల్ల మీద పెట్టాను. ఆయనకు అరవై రెండేళ్ళు. చదివేటప్పుడు పెదవులు కదుపుతాడు. చివరి పేజీ దాకా చదివి కళ్ళద్దాలు తీశాడు.

"నీకు తెల్వదా?"

"మొన్ననే ఎర్కయింది వకీల్‌సాబ్."

"ఎవరన్న బెదిరించిన్రా? చదవనియ్యకుంట సంతకం పెట్టించుకున్నరా?"

"లేదు. అడిగిన్రట. సరే అన్ననట."

ఆయన నకలు తిప్పి మళ్ళీ తేదీ చూశాడు. "గా రోజు నీ తెలివి నీకు లేదని దావా వెయ్యొచ్చు. ఎర్కయిన దినం సంది మూడేండ్ల టైం ఉంటది. గని జడ్జి అడిగేది డాక్టర్ కాగితం. అప్పుడు డాక్టరుకు చూపెట్టిన్రా నిన్ను?"

"నాకేమైందని చూపెడ్తరు? నడిచిన, తిన్న, మాట్లాడిన."

"గదే చిక్కు." నకలు నా వైపు జరుపుతూ అన్నాడు, "గీ సర్చ్ నేను ఇంకొకరికి ఇస్త. నీ ఇల్లుది నువ్వే రాస్తె మంచిగుండదు."

"నేనే రాస్త. రాసినంక మీరు చూడుండ్రి. తప్పుంటె కొట్టేయుండ్రి."

రాయడం మొదలుపెట్టాను. ఇతరుల రిపోర్టుల్లో ఎట్లా రాస్తానో అట్లాగే. రామదాస్ కొన్నాడు. రామదాస్ మరణించాడు. వారసులు ముగ్గురు. వారిలో భీమవ్వ, మనీష తమ హక్కు వదులుకున్నారు. నా పేరు టైపు చేసేటప్పుడు వేళ్ళు తడబడతాయేమో అనుకున్నాను. తడబడలేదు. ప్రస్తుతం పూర్తి యజమాని నాగేశ్వర్ రామదాస్. ముప్పై ఏళ్ళలో రెండే లావాదేవీలు, మిగతావన్నీ నిరంక్. బ్యాంకు వాళ్ళు చూసి సంతోషపడే రిపోర్టు.

చివర్లో తాబా అని ఒక గడి ఉంటుంది. ఆస్తి ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉంది అని. ఆ గడిలో మేము యజమాని అని ఒక్క మాట రాసి వదిలేస్తాం. అందరూ అదే రాస్తారు, నేనూ పన్నెండేళ్ళుగా అదే రాశాను, ఎవరి ఇంటికీ పోయి చూడలేదు. ఈసారి పోయి చూడాల్సిన పని లేదు. ముందు రెండు గదులు యజమాని తాబాలో ఉన్నాయి, వెనక గది పద్నాలుగేళ్ళుగా మనీష విశ్వేశ్వర్ తాబాలో ఉంది అని రాశాను.

వకీలు ఆ గడి దగ్గర ఆగాడు.

"నిజమేనా?"

"నిజమే. మీటర్ గూడ నా పేరు మీదున్నది."

సంతకం పెట్టి ముద్ర వేశాడు.

పది రోజులకు బ్యాంకు నుంచి నాగేశ్‌కు ఫోన్ వచ్చింది. వెనక గదిలో ఉన్నామె ఖాళీ చేయడానికి తనకు అభ్యంతరం లేదని రాసిస్తే తప్ప ఫైలు కదలదన్నారు. ఆదివారం పొద్దున వాడు టైపు చేయించిన కాగితం తెచ్చి నా మంచం మీద పెట్టాడు. వెనకే పూనమ్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అమ్మను కూడా పిలిచారు, ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అంతకు ముందు ఆ చిన్న గదిలో నలుగురం ఎప్పుడూ కూడలేదు.

"గట్ల ఎందుకు రాసినవక్కా?" అన్నాడు నాగేశ్. వాడి గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది.

"ఉన్నది రాసిన."

"నన్ను అడుగుతె అయిపోతుండె గద. నేనేమన్న ఎల్లగొడ్తున్ననా?" వాడు నిజంగానే బాధపడుతున్నాడని నాకు తెలుసు. నేను ఎత్తుకుని పెంచిన పిల్లాడు. పద్నాలుగేళ్ళలో ఒక్క నెల కిరాయి మాటెత్తలేదు. "పైన ఖోలీ నీదే. గది నా మాట. వచ్చే వారం పని మొదలువెట్టాలె, మేస్త్రీకి చెప్పిన. ఈడ సంతకం పెట్టు. సరేనా?"

కాగితం మీద పెన్ను పెట్టాడు.

సరే అన్న మాట నా నోట్లోకి వచ్చేసింది. దానికి ఆలోచన అక్కర్లేదు, ఊపిరి తీసినట్టు వచ్చేస్తుంది. అంటే అందరూ లేచి పోతారు, పూనమ్ టీ పెడుతుంది, ఆదివారం మామూలుగా గడుస్తుంది. ఆ మాట పళ్ళ వెనక ఉండగా నాకు అర్థమైంది, ఆ రోజు ఆఫీసులో నేనేమీ వేరే మనిషిని కాదని. ఆయన పోయినప్పుడు మొదలైన సరే ఇప్పటిదాకా ఆగలేదు. ఈ గదికి సరే అన్నాను, ఈ ఉద్యోగానికి సరే అన్నాను. పూనమ్‌తో పెట్టుకున్న కొట్లాటలు తప్ప పద్నాలుగేళ్ళలో నాది అన్న మాట నేను ఒక్కటీ మాట్లాడలేదు. ఆ కొట్లాటల్లో పట్టుకున్న మాట కూడా నిజం కాదు.

"కాదు" అన్నాను.

నాగేశ్ వినబడనట్టు చూశాడు.

"ఏంది?"

"సరే కాదు. సంతకం పెట్ట."

అమ్మ తల వంచుకుంది. పూనమ్ నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఈసారి జాలి లేదు, కొంచెం భయం ఉంది. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. విశ్వేశ్వర్ పోయినప్పుడు రావాల్సిన ఏడుపు ఇప్పుడు వస్తుందేమోనని హడలిపోయాను.

నాగేశ్ పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మరి నీకేం కావాలె అక్కా?"

వాడు ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలియక అడిగాడు. పై గదికి కాగితమా, మూడో వంతు వాపసా, ఈ గది ఇట్లాగే ఉండడమా, లేక ఇక్కడి నుంచి ఎటైనా వెళ్ళిపోవడమా? ఊళ్ళో ఎవరి వాటా ఎంతో అడుగుల లెక్కన చెప్పగలదాన్ని. నాకేం కావాలో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

"ఎర్క లేదు" అన్నాను. "సోంచాయించాలె. నువ్వు కూసో."

మేస్త్రీకి ఫోన్ చేయాలని వాడి చేయి జేబు దాకా పోయింది. ఆగి, తలుపు పక్కనున్న స్టూలు లాక్కుని నాగేశ్ కూర్చున్నాడు.